విచారణకు నిలబడిన విజ్ఞానం – డాక్టర్ సుభాష్ ముఖర్జీ జీవితం

మానవజాతి చరిత్రలో 1978వ సంవత్సరం గుర్తుంచుకోదగినది. ఆ ఏడాది జూలై 25వ తేదీన ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ పట్టణంలో లూయీ బ్రౌన్ అనే ఆడపిల్ల పుట్టింది. తల్లి శరీరం వెలుపల, గాజుపాత్రలో మొదలైన ప్రాణం బిడ్డగా భూమి మీదికి రావటం అదే మొదటిసారి. ఈ సంగతి మనలో చాలామందికి తెలుసు. పోటీ పరీక్షలకు చదివే మిత్రులకైతే తేదీతో సహా కంఠతా వచ్చు. కాని ఆ తర్వాత సరిగ్గా 70 రోజులకు, అక్టోబరు 3వ తేదీన, మన కలకత్తాలో అలాంటిదే ఇంకొక ఆడపిల్ల పుట్టిందనీ, ఆ పిల్లకు ప్రాణం పోసిన డాక్టరు మన దేశపు మనిషేననీ ఎంతమందికి తెలుసు? ఆ పిల్లను లోకం దుర్గ అని పిలిచింది. ఆ డాక్టరు పేరు సుభాష్ ముఖోపాధ్యాయ. అందరూ సుభాష్ ముఖర్జీ అనేవారు.

ఇంగ్లండు శాస్త్రజ్ఞుడికి కాలక్రమాన నోబెల్ బహుమతి వచ్చింది. మన శాస్త్రజ్ఞుడికి ఏమొచ్చింది? విచారణ సంఘం వచ్చింది. బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆయన కథ తెలుసుకోవటం సైన్సు చదివే ప్రతి విద్యార్థికీ అవసరమని నేననుకుంటున్నాను.

బాల్యం, చదువు

సుభాష్ ముఖర్జీ 1931 జనవరి 16న హజారీబాగ్‌లో పుట్టాడు. అప్పట్లో అది బీహారులో ఉండేది, ఇప్పుడు జార్ఖండ్‌లో ఉంది. తండ్రి కూడా వైద్యుడే. కలకత్తాలో చదువుకుని, శరీరధర్మ శాస్త్రంలో ఆనర్సు పట్టా, ఆ పైన 1955లో ఎం.బి.బి.ఎస్. పట్టా పుచ్చుకున్నాడు. ఆ రోజుల్లో ఎం.బి.బి.ఎస్. పాసైన కుర్రాడు బోర్డు కట్టుకుని కూర్చుంటే డబ్బుకు కొదవ ఉండేది కాదు. ఈయన మాత్రం ప్రాక్టీసు వైపు మొగ్గక పరిశోధన వైపు నడిచాడు. 1958లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు వచ్చింది. అంతటితో తృప్తిపడలేదు. స్కాట్లండు వెళ్ళి, ఎడింబరో విశ్వవిద్యాలయంలో జాన్ లొరైన్ అనే పేరుగల శాస్త్రజ్ఞుడి దగ్గర సంతానోత్పత్తికి సంబంధించిన హార్మోన్ల మీద పనిచేసి, 1967లో రెండో డాక్టరేటు సంపాదించాడు.

రెండు డాక్టరేట్లున్న వైద్యుడు విదేశంలోనే ఉండిపోతే అడిగేవాళ్ళెవరు? కాని ఆయన ఆ సంవత్సరమే తిరిగి వచ్చేసి, కలకత్తా నీలరతన్ సర్కార్ వైద్య కళాశాలలో శరీరధర్మ శాస్త్రం పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాడు. తర్వాత బాంకురా సమ్మిలని వైద్య కళాశాలలో కూడా ఆచార్యుడిగా పనిచేశాడు. ఒక పక్క పాఠాలు, ఇంకొక పక్క పరిశోధన. పెద్ద ప్రయోగశాల లేదు, విదేశీ నిధులు లేవు. ఆయనకు దొరికినవల్లా ఇద్దరు మంచి స్నేహితులు. ఒకరు సునీత్ ముఖర్జీ. ఈయన అతి శీతలంలో జీవపదార్థాన్ని నిలవ ఉంచే శాస్త్రం తెలిసినవాడు. రెండోవారు స్త్రీల వైద్య నిపుణుడు డాక్టర్ సరోజ్ కాంతి భట్టాచార్య. ఈ ముగ్గురూ కలిసి పూనుకున్న పని ఏమిటో తెలియాలంటే మనం కాస్త శరీర శాస్త్రంలోకి పోవాలి.

ప్రకృతి చేసే పని

స్త్రీ గర్భాశయానికి రెండు పక్కలా రెండు అండాశయాలున్నాయి. మామూలుగా నెలకు ఒక్క అండం పక్వమై విడుదలవుతుంది. ఆ అండం అడ్డుకొలత మిల్లీమీటరులో పదో వంతు. దాన్ని అందుకునేది ఫెలోపియన్ నాళం. ఈ నాళం పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, లోపలి దారి చాలా సన్నం. వీర్యకణం ఎదురు వచ్చి అండంతో కలిసేది ఈ నాళంలోనే, గర్భాశయంలో కాదు. కలిసిన తర్వాత ఆ ఒక్క కణం రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై, నాళం వెంట మెల్లగా జరుగుతూ మూడు నాలుగు రోజులకు గర్భాశయం చేరి, మరొక రెండు మూడు రోజుల్లో దాని గోడలో నాటుకుంటుంది. అప్పటికి గర్భాశయం లోపలి పొర దుక్కి దున్ని, పదును మీద ఉన్న మడిలాగా తయారై ఉండాలి. పదును తప్పితే గింజ మంచిదైనా మొలక రాదు.

ఇప్పుడు ఆ రెండు నాళాలూ మూసుకుపోయాయనుకోండి. కాలవలో పూడిక పడితే నీరున్నా మడికి అందదు కదా, అదే పరిస్థితి. అండం మంచిదే, వీర్యం మంచిదే, గర్భాశయం మంచిదే. అయినా బిడ్డ పుట్టదు. ఏదైనా జబ్బు చేసి లోపల వాపు వస్తే నాళాలు ఇలా పూడిపోతాయి. ఇందులో ఆ స్త్రీ తప్పేముంది? కాని మన పల్లెల్లో ఏం జరుగుతుంది? పెళ్ళయి నాలుగేళ్ళు దాటితే చాలు, నోటికి వచ్చిన పేరు పెట్టి పిలుస్తారు. సీమంతానికి పిలవరు. పొద్దున్నే ఎదురొస్తే మొహం తిప్పుకుంటారు. ఆవిడ రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తుంది, గుడి దగ్గర చెట్టుకు గుడ్డ ఉయ్యాల కడుతుంది. మగవాడిలో లోపం ఉందేమో పరీక్ష చేయిద్దామని మాత్రం ఎవరూ అనరు. నిజానికి పిల్లలు లేని జంటల్లో మగవాడి వైపు లోపం ఉండటం ఏమంత అరుదు కాదు. లోపం ఎవరిదో తెలియకుండానే ఆయనకు రెండో పెళ్ళి మాటలు మొదలవుతాయి. ఈ బాధ ఒక్క ఆంధ్రదేశానిదే కాదు. బెంగాల్లోనూ అంతే, బీహారులోనూ అంతే. సుభాష్ ముఖర్జీ దగ్గరికి వచ్చిన దంపతులు ఇలాంటివాళ్ళే. ఆ ఇల్లాలి నాళాలు మూసుకుపోయాయి.

ముఖర్జీ దారి

ఇంగ్లండులో రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో అనే ఇద్దరూ ఏం చేశారంటే, నెలలో సహజంగా పక్వమయ్యే ఆ ఒక్క అండం కోసం కాచుకుని కూర్చున్నారు. మూత్రంలో హార్మోను పెరిగే ఘడియ కనిపెట్టి, బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి, లాప్రోస్కోపు అనే గొట్టం పంపి అండాన్ని తీశారు. గాజుపాత్రలో వీర్యంతో కలిపారు. రెండు మూడు రోజులు పెంచి, ఎనిమిది కణాల పిండాన్ని వెంటనే గర్భాశయంలో పెట్టారు. అన్నట్టు, టెస్ట్ ట్యూబ్ బేబీ అని పేరేగాని ఇందులో టెస్ట్ ట్యూబు పని తక్కువ. ఇది జరిగేది మన లాబరేటరీలో ఉండే పెట్రీ డిష్షు వంటి పళ్ళెంలో.

ముఖర్జీ ఇంకో దారి తొక్కాడు. ఆయన దారిలో మూడు కొత్త సంగతులున్నాయి.

మొదటిది, ఒక్క అండం కోసం కాచుకోకపోవటం. ముట్లుడిగిన స్త్రీల మూత్రం నుంచి తీసే గొనడోట్రోపిన్ అనే హార్మోనును ఇంజెక్షనుగా ఇస్తే ఒకేసారి కొన్ని అండాలు పక్వానికి వస్తాయి. ఒకటి చెడినా ఇంకొకటి ఉంటుంది. విత్తనం వేసేటప్పుడు పాదుకు ఒకే గింజ వేసే రైతు ఉన్నాడా?

రెండోది, కడుపుకు రంధ్రం చేయకుండా యోనిమార్గం వెనుక గోడలో చిన్న గాటు పెట్టి అండాలను తీయటం. దీనికి ఖరీదైన లాప్రోస్కోపు అక్కరలేదు.

మూడోది, అన్నిటికంటే గొప్పది, తయారైన పిండాన్ని వెంటనే గర్భంలో పెట్టకుండా గడ్డకట్టించి దాచటం. ఎందుకు దాచాలి? హార్మోను ఇంజెక్షన్లతో ఆ నెల స్త్రీ శరీరంలో హార్మోన్లు మామూలుకన్న బాగా పెరిగిపోతాయి. అందువల్ల గర్భాశయం పొర పదును తప్పుతుంది. అందుచేత ఆ నెల వదిలేసి, శరీరం మామూలు స్థితికి వచ్చాక, సహజంగా పొర తయారైన ఇంకొక నెలలో పిండాన్ని నాటితే నిలుస్తుందని ఆయన ఆలోచన. ఎంత సులువైన ఆలోచన! కాని దానికి పిండం అన్నాళ్ళు బతికి ఉండాలి గదా.

ఇక్కడ ఒక చిక్కుంది. నీరు గడ్డకడితే వ్యాకోచిస్తుందని హైస్కూల్లోనే చదువుకున్నాం. కణంలో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు మంచు పలుకులుగా మారితే అవి సూదుల్లాగా కణాన్ని చీల్చేస్తాయి. దీనికి విరుగుడుగా డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రవాన్ని వాడారు. అది కణంలోకి చొరబడి, నీటిని కొంత బయటికి పంపి, మంచు పలుకులు కట్టకుండా కాపాడుతుంది. చల్లబరచటం కూడా కొద్దికొద్దిగా, మెల్లగా చేయాలి. ఇది గాలిలోంచి ఊడిపడ్డ విద్య కాదు. పశువుల వీర్యాన్ని గడ్డకట్టించే పద్ధతి 1949లో గ్లిసరాలు ఉపయోగం తెలిసిన దగ్గరనుంచి పెరుగుతూనే ఉంది. పల్లెల్లో గేదె ఎదకు వస్తే పశువుల ఆసుపత్రికి తోలుకుపోయి సూది వేయిస్తారు. అక్కడ మూత తీస్తే తెల్లగా పొగలు కక్కే డబ్బాలో ఉండేది ద్రవ నత్రజనే. దాని చల్లదనం సున్నాకు దిగువన 196 డిగ్రీలు. 1972లో ఎలుక పిండాలనూ, 1973లో ఆవు పిండాన్నీ గడ్డకట్టించి మళ్ళీ బతికించి పిల్లలు పుట్టించారు. అంటే దారి వేసి ఉంది. మనిషి పిండంతో ఆ దారిన చివరిదాకా నడిచినవాళ్ళే లేరు.

ముఖర్జీ బృందం ఆ పిండాన్ని 53 రోజులు గడ్డకట్టించి ఉంచింది. తర్వాత కరిగించి తల్లి గర్భంలో ప్రవేశపెట్టింది. అది నిలిచింది. ఫలదీకరణం నుంచి ప్రసవం దాకా సుమారు 266 రోజులు. అక్టోబరు 3 నుంచి వెనక్కి లెక్కవేసి, ఆ 53 రోజులు కూడా తీసివేస్తే, ఉజ్జాయింపుగా 1977 చివరి నెలలు తేలుతాయి. లూయీ బ్రౌన్ పిండాన్ని తల్లి గర్భంలో పెట్టింది కూడా 1977 నవంబరులోనే. అంటే కలకత్తాలోనూ ఓల్డ్‌హామ్‌లోనూ ఇంచుమించు ఒకే కాలంలో రెండు గాజుపాత్రల్లో రెండు ప్రాణాలు మొదలయ్యాయన్న మాట! లూయీ బ్రౌన్ పుట్టిన వార్త చదివి ఈయన అనుకరించాడనటానికి వీలేలేదు. ఆ వార్త వచ్చేసరికి దుర్గ తల్లి కడుపులో ఆరేడు నెలలు నిండిన బిడ్డ.

విచారణ

బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది. పత్రికలు రాశాయి. ముఖర్జీ తన పని గురించి రాష్ట్ర ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. అభినందనలు వస్తాయని ఆశించి ఉంటాడు. 1978 నవంబరులో ప్రభుత్వం విచారణకు ఒక సంఘాన్ని వేసింది. దానికి అధ్యక్షుడు రేడియో భౌతిక శాస్త్రజ్ఞుడు. భౌతిక శాస్త్రం గొప్పదే, కాదనను. కాని హార్మోన్లు, పిండాలు, శీతలీకరణ కలిసిన ఈ విషయాన్ని తేల్చటానికి ఆ శాస్త్రం చాలుతుందా? సంఘంలోని మిగతావాళ్ళకు కూడా ఈ కొత్త రంగంలో పనిచేసిన అనుభవం లేదు. ఆయన చెప్పింది నమ్మదగినది కాదని సంఘం తేల్చేసింది.

న్యాయంగా మాట్లాడుకోవాలంటే రెండో వైపు కూడా చూడాలి. శాస్త్రంలో ఎవరి మాటనూ ఊరికే నమ్మనక్కరలేదు. ముఖర్జీ తన పద్ధతిని భారతీయ శీతల శాస్త్ర పత్రికలో చిన్న వ్యాసంగా అచ్చువేశాడుగాని, ప్రపంచంలో పేరున్న వైద్య పత్రికల్లో వివరంగా ప్రకటించలేదు. ఆ కుటుంబం కూడా సంఘానికి జడిసి తమ పేరు బయటపడకూడదనుకుంది. కాబట్టి సాక్ష్యం చూపించమని అడగటం తప్పు కాదు. మరి అనుమానం వచ్చినప్పుడు చేయవలసిందేమిటి? తెలిసినవాళ్ళను పిలిపించాలి. ప్రయోగం మళ్ళీ చేసి చూపించమనాలి, చేయటానికి వసతి ఇవ్వాలి. అలా జరగలేదు. జపానులోని క్యోటో విశ్వవిద్యాలయం వారు 1979లో వచ్చి మాట్లాడమని ఆహ్వానిస్తే ప్రభుత్వం వెళ్ళటానికి అనుమతి ఇవ్వలేదు. నోరు విప్పి చెప్పుకునే చోటు కూడా లేకుండా పోయింది.

అవమానాలతో ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. గుండెజబ్బు వచ్చింది. 1981 జూన్‌లో ఆయనను కలకత్తాలోని కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. రెండు డాక్టరేట్లు తీసుకుని, సంతానోత్పత్తి హార్మోన్ల మీద పనిచేసిన మనిషికి కంటి ఆసుపత్రిలో ఏం పని? మాగాణి సాగు చేసేవాణ్ణి తీసుకెళ్ళి ఉప్పు కయ్యలో నిలబెట్టినట్టయింది. ఆ జూన్ 19వ తేదీన డాక్టర్ సుభాష్ ముఖర్జీ తన ప్రాణాన్ని తానే తీసుకున్నాడు. అప్పటికి ఆయనకు 50 ఏళ్ళు. భార్య నమిత బడిలో ఉపాధ్యాయిని. వారికి పిల్లలు లేరు.

చావు దేనికీ జవాబు కాదు. ఆయన ఇంకొక అయిదారేళ్ళు బతికి ఉంటే తాను చెప్పినవన్నీ ఒక్కొక్కటే నిజమవటం కళ్ళారా చూసేవాడు. అదే తలుచుకుంటే బాధ కలిగేది.

ఆ తర్వాత

గడ్డకట్టించిన పిండం నుంచి మరొక బిడ్డ పుట్టినట్టు ప్రపంచానికి తెలిసింది 1984లో, ఆస్ట్రేలియాలో. హార్మోను ఇచ్చి ఎక్కువ అండాలు తీయటం 1980ల మొదట్లోనే విదేశాల్లో వాడుకలోకి వచ్చింది. అండాలను యోనిమార్గం గుండా తీయటం, ఇప్పుడు అల్ట్రాసౌండు సాయంతో, అన్నిచోట్లా అదే పద్ధతి. పిండాలను దాచి తర్వాతి నెలల్లో నాటటం ఈనాడు మామూలు వైద్యం. ముఖర్జీ చేసిన మూడు పనుల్లో ఏదీ వ్యర్థం కాలేదు. ఆయన పేరు మాత్రం వాటి పక్కన లేదు.

1986 ఆగస్టు 6న బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో హర్ష అనే పాప పుట్టింది. డాక్టర్ ఇందిరా హిందుజా, ఆమెతో పాటు శాస్త్రజ్ఞుడు డాక్టర్ టి.సి. ఆనంద్ కుమార్ దానికి కారకులు. భారతదేశపు మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ హర్షేనని దేశమంతా చప్పట్లు కొట్టింది. పుస్తకాల్లో ఎక్కింది. అంతకుముందే దుర్గ పుట్టిందన్న మాట ఎవరూ ఎత్తలేదు. 1990లో దర్శకుడు తపన్ సిన్హా ఏక్ డాక్టర్ కీ మౌత్ అనే హిందీ సినిమా తీశాడు. అందులో డాక్టరు కనిపెట్టేది కుష్ఠు వ్యాధికి టీకా. అయినా ఆ కథ వెనుక నిలబడిన మనిషి ఎవరో తెలిసినవాళ్ళకు తెలుసు.

ఇక్కడినుంచి కథ మలుపు తిరిగింది. ఆనంద్ కుమార్ చేతికి ముఖర్జీ చేత్తో రాసుకున్న కాగితాలు వచ్చాయి. ఏ రోజు ఏ హార్మోను ఎంత ఇచ్చింది, అండాలు ఎలా తీసింది, పిండాన్ని ఎలా గడ్డకట్టించింది, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన వాటిని ఓపికగా చదివాడు, దుర్గ తల్లిదండ్రులతో మాట్లాడాడు. మొదటివాణ్ణి నేను కాదు, సుభాష్ ముఖర్జీ అని 1997లో కరెంట్ సైన్స్ పత్రికలో వ్యాసం రాసి లోకానికి చాటాడు. తన తల మీదున్న కిరీటాన్ని తానే తీసి, చనిపోయి పదహారేళ్ళయిన మనిషి తల మీద పెట్టాడు. ఇలాంటి పని ఎంతమంది చేయగలరు? ముఖర్జీ గురించి చెప్పుకున్న ప్రతిచోటా ఆనంద్ కుమార్ గురించి కూడా చెప్పుకోవాలి. 2003లో, తన 25వ పుట్టినరోజున, దుర్గ స్వయంగా నలుగురి ముందుకు వచ్చి తానెవరో చెప్పింది. 2010లో ఎడ్వర్డ్స్‌కు నోబెల్ వచ్చింది. స్టెప్టో 1988లోనే పోయాడు కాబట్టి ఆయనకు అందలేదు. చనిపోయినవారికి నోబెల్ ఇవ్వరు.

ఈనాటికి ఈ పద్ధతిలో పుట్టినవాళ్ళు ప్రపంచంలో కోటికి పైగా ఉన్నారు. మన పట్టణాల్లోనూ సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు కనబడుతున్నాయి. 2021లో వీటికోసం ప్రత్యేకంగా చట్టం కూడా వచ్చింది. అయితే ప్రతి ప్రయత్నమూ ఫలించదన్న సంగతి మరచిపోకూడదు. స్త్రీ వయసు పెరిగేకొద్దీ అవకాశం తగ్గుతుంది. ఖర్చు సామాన్యుడికి భారమే. బోర్డు చూసి ఆశపడేముందు ఈ శాస్త్రం ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకోవాలి. పిల్లలు లేని ఆడదాన్ని వేలెత్తి చూపకూడదని అంతకంటే ముందు తెలుసుకోవాలి.

మిత్రులారా, ముఖర్జీని ఆనాటి పెద్దల తీర్పు కాపాడలేదు. పత్రికలు కాపాడలేదు. చివరికి ఆయన మాటను నిలబెట్టినవి ఆయన రాసిపెట్టుకున్న కాగితాలు. మనం లాబరేటరీ రికార్డు ఎలా రాస్తున్నామో మనకు తెలుసు. సంవత్సరాంతంలో సంతకం కోసం పక్కవాడి రికార్డు చూసి ఒక్క రాత్రిలో ముగించేస్తాం. వచ్చిన విలువ ఒకటి, రాసే విలువ ఒకటి. చేసింది చేసినట్టు, చూసింది చూసినట్టు, ఆ రోజుది ఆ రోజే రాసుకోవటం ఎంత పెద్ద విషయమో ఈ జీవితం చెబుతున్నది. రేపు మనలో కొందరు పరిశోధకులవుతారు. కొందరు అధికారులై ఇలాంటి సంఘాల్లో కూర్చుంటారు. కూర్చున్నప్పుడు, ఇది జరగదు అనేముందు, ఎలా చేశావు, మాకు ఒకసారి చేసి చూపించు, కావలసిందేమిటో చెప్పు అని అడగగలిగితే చాలు. ఆ మాట అడిగేవాళ్ళు 1978లో కలకత్తాలో ఒక్కరున్నా బాగుండేది.